కొత్త బ్యాటరీ కొనే ముందు మంచం కింద స్విచ్ చూడండి

ప్రశ్న: మేం ఇంగ్లండ్‌లో రెడింగ్ దగ్గర ఉంటాం. పోయిన అక్టోబరులో ఒకరి దగ్గర నలుగురు పడుకునే సెకండ్ హ్యాండ్ టూరింగ్ కారవాన్ (కారు వెనక తగిలించి లాక్కెళ్లే ఇల్లులాంటి బండి) కొన్నాం. ఇంటి ముందు చోటు లేక స్టోరేజ్ యార్డులో పెట్టాం. ఈస్టర్ సెలవులకు వేల్స్ వెళ్దామని మొన్న పోయి తలుపు తీస్తే లోపల ఒక్క లైటూ వెలగలేదు. కంట్రోల్ ప్యానెల్ మీద ఏమీ లేదు, కారు లేకుండా బండిని అటూ ఇటూ జరిపే మోటార్ మూవర్ కదల్లేదు. మా వారు కొత్త బ్యాటరీ కొనేద్దామంటున్నారు. ఆయన స్నేహితుడు కారు బ్యాటరీ నుంచి జంప్ లీడ్స్ తీగలు కలిపితే చాలంటున్నాడు. ఇంకొకాయన మూడు గంటలు కారుతో లాక్కెళ్తే దారిలోనే ఛార్జ్ ఎక్కుతుందంటున్నాడు. అసలు బ్యాటరీ లేకుండానే వెళ్లొచ్చా? గుంటూరు నుంచి మా అత్తమామలు వస్తున్నారు, చలిలో వాళ్లను ఇబ్బంది పెడతామేమోనని టెన్షన్‌గా ఉంది. ఇంకో మాట, బ్యాటరీకి ఇన్వర్టర్ పెట్టుకుంటే మిక్సీ తిరుగుతుందా? మూడు వారాల టైముంది.

సమాధానం: మూడు వారాలంటే బోలెడు టైము. కానీ ఈ వారం బ్యాటరీ మాత్రం కొనకండి. కొనాల్సింది పది పదిహేను పౌండ్లకు దొరికే ఒక మల్టీమీటర్, అంటే వోల్టేజీ, కరెంటు కొలిచే మీటరు. మీ బ్యాటరీ పూర్తిగా పోయిందా, ఛార్జ్ దిగిపోయి పడుకుందా అన్నది ఇప్పటికి ఎవరికీ తెలియదు. ఎందుకు దిగిపోయిందో అంతకన్నా తెలియదు. కారణం పట్టుకోకుండా కొత్తది పెడితే దానికీ అదే గతి పడుతుంది. నేనీ సంగతి రెండు బ్యాటరీల డబ్బు వదిలించుకున్నాక నేర్చుకున్నాను.

మా మొదటి కారవాన్‌తో లేక్ డిస్ట్రిక్ట్‌లో కెస్విక్ దగ్గర ఒక సైటులో దిగాం. దిగగానే హుక్‌అప్ కేబుల్ పెట్టాం, అంటే సైటు వాళ్లిచ్చే మెయిన్స్ కరెంటు. కెటిల్ మరిగింది, ఫ్రిజ్ చల్లబడింది, లైట్లు వెలిగాయి. అంతా బాగుందనుకున్నాం. మూడో రోజు సాయంత్రం గిన్నెలు కడుగుతుంటే కొళాయి ధార సన్నబడింది. గుర్రుమనే పంపు మూలగడం మొదలుపెట్టింది. కాసేపటికి లైట్లు పసుపు రంగుకు తిరిగాయి. పాత బ్యాటరీ కదా అని తిట్టుకుని, ఇంటికొచ్చి కొత్తది కొన్నాను. మరుసటి ఏడాది వేసవి దాటకుండానే అదీ పోయింది. ఇంకోటి కొన్నాను. దాన్ని పెట్టుకుని వెళ్లిన ట్రిప్పులో కూడా పంపు మూలిగితే, పక్క పిచ్‌లో (కారవాన్ నిలిపే చోటులో) ఉన్న ఒక రిటైరైన పెద్దాయన చూడలేక తన మీటరు తెచ్చి బ్యాటరీ టెర్మినళ్ల మీద పెట్టారు. 11.9 వోల్ట్లు చూపించింది. "కరెంటు పెట్టి ఉండగా ఇది 13 దాటాలి కదా" అన్నారు. నాచేత పరుపు ఎత్తించారు. మంచం కింద పెట్టెలో ఛార్జర్, దాని పక్కన వేలెడంత స్విచ్. ఆఫ్‌లో ఉంది. ప్రతి ట్రిప్పుకూ దుప్పట్ల సంచిని నేను కుక్కేది సరిగ్గా అక్కడే. ఆ సంచే స్విచ్ నొక్కేసి నా బ్యాటరీలు తినేసింది.

ఇందులో కిటుకేమిటంటే, కారవాన్‌లో రెండు రకాల కరెంటు ఉంటుంది. ప్లగ్ సాకెట్లు, కెటిల్, సైటులో ఉన్నప్పుడు ఫ్రిజ్ 230 వోల్ట్ల మీద నడుస్తాయి. లైట్లు, నీళ్ల పంపు, హీటర్ గాలి ఊదే ఫ్యాను, టాయిలెట్ ఫ్లష్, గ్యాస్ హీటర్ వెలిగించే స్పార్క్ ఇవన్నీ 12 వోల్ట్లవి. ఛార్జర్ ఆన్‌లో ఉంటే వీటికి కావలసింది అదే ఇస్తూ బ్యాటరీనీ నింపుతుంది. ఆఫ్‌లో ఉంటే ఇవన్నీ చడీచప్పుడు లేకుండా బ్యాటరీని తోడేస్తుంటాయి. కెటిల్ మరుగుతోంది కాబట్టి మనకు అనుమానం రాదు.

మీ సంగతికొస్తే నా అనుమానం వేరే. మన దగ్గర కారవాన్ అంటే షూటింగుల్లో హీరో కూర్చునే బండి. అక్కడ పక్కనే జనరేటర్ ఉంటుంది. మీది నాలుగు నెలలకు పైగా ఏ ప్లగ్గూ లేకుండా యార్డులో నిలబడింది. ఇన్సూరెన్స్ కోసం పెట్టిన ట్రాకర్, అలారం ఉంటే అవి నిద్రపోవు. రెండూ కలిసి 40 మిల్లీ ఆంపియర్లు లాగుతున్నాయనుకోండి, చాలా చిన్న సంఖ్య. కానీ రోజుకు దాదాపు ఒక ఆంపియర్ అవర్, అంటే ఒక ఆంపియర్ చొప్పున గంటసేపు లాగినంత. మీ పెట్టెలోని బ్యాటరీ కొత్తగా ఉన్నప్పుడు 100 ఆంపియర్ అవర్లు పట్టేదనుకుందాం, ఇప్పుడు వయసు మీద పడి ఎంత పడుతుందో. అంటే సంక్రాంతి దాటేసరికే అడుగంటి ఉంటుంది. మీరు తలుపు తీసేదాకా అలా ఖాళీగానే పడి ఉంది.

ఖాళీ కావడం కన్నా ఖాళీగా పడి ఉండటమే బ్యాటరీకి ప్రమాదం. ఛార్జ్ దిగేకొద్దీ లోపలి సీసం పలకల మీద సల్ఫేట్ పొర ఏర్పడుతుంది. వెంటనే ఛార్జ్ పెడితే ఆ పొర తిరిగి యాసిడ్‌లోకి పోతుంది. నెలలు వదిలేస్తే మీ రెడింగ్ నీళ్లకు కెటిల్ అడుగున పట్టే గారలాగా గట్టిపడిపోతుంది. ఇక ఎంత ఛార్జ్ పెట్టినా ఆ మేర పలక పనిచేయదు. పైగా నిండు బ్యాటరీ ఇక్కడి చలికి గడ్డకట్టదు కానీ, ఖాళీ బ్యాటరీలో మిగిలేది దాదాపు నీళ్లే కాబట్టి గట్టి మంచు పడిన రాత్రి గడ్డకట్టే ప్రమాదముంది. పక్కలు ఉబ్బినా, పగులు కనిపించినా దాన్ని ఛార్జర్ దగ్గరికి కూడా తీసుకెళ్లకండి. నేరుగా కౌన్సిల్ రీసైక్లింగ్ సెంటర్‌కు ఇచ్చేయండి.

ఉబ్బలేదంటే ఇంటికి తెచ్చుకోండి. స్పానర్ పట్టుకునే ముందు ఉంగరం, గాజులు, చేతి గొలుసు తీసి పక్కన పెట్టండి. ఖాళీ బ్యాటరీయే కదా అనుకోవద్దు, తిరిగి బిగించేటప్పుడు అది ఖాళీగా ఉండదు. ఉంగరం రెండు టెర్మినళ్ల మధ్య పడితే క్షణంలో ఎర్రగా కాలుతుంది. విప్పేటప్పుడు నల్ల తీగ ముందు, ఎర్ర తీగ తర్వాత. బిగించేటప్పుడు ఎర్రది ముందు. మూవర్ ఉంది కాబట్టి లావుపాటి తీగలు ఇంకో జత కూడా ఉంటాయి, విప్పకముందే ఫోన్‌లో ఫోటో తీసుకోండి. ట్రాకర్ ఉంటే ఆ కంపెనీకి ముందే ఒక మాట చెప్పండి, లేకపోతే మీ బండిని ఎవరో విప్పుతున్నారని వాళ్లే మీకు ఫోన్ చేస్తారు. బరువు ఇరవై కేజీలు దాటి ఉంటుంది. ప్లాస్టిక్ టబ్బులో నిలువుగా పెట్టి డిక్కీలో తెచ్చుకోండి. పాత బట్టలు వేసుకోండి. యాసిడ్ చుక్క పడినప్పుడు ఏమీ కనపడదు, ఉతికాక ప్యాంటు జల్లెడవుతుంది. కింద ఒలికితే వంట సోడా చల్లండి.

ఛార్జింగ్ గ్యారేజీలోనో షెడ్డులోనో పెట్టండి, తలుపు కొంచెం తెరిచి. యుటిలిటీ గదిలో వద్దు. అక్కడ గ్యాస్ బాయిలర్ ఉంటుంది, కొందరి ఇళ్లలో దేవుడి షెల్ఫూ, దీపమూ అక్కడే. ఛార్జ్ ఎక్కేటప్పుడు బ్యాటరీ నుంచి హైడ్రోజన్ వస్తుంది, దానికి నిప్పురవ్వ చాలు. 100 ఆంపియర్ అవర్ల బ్యాటరీకి 10 ఆంపియర్ల ఛార్జర్ సరిపోతుంది. ఇంత ఖాళీ అయినదానికి ఒక రోజంతా పడుతుందని లెక్క వేసుకోండి, ఇంకా ఎక్కువ పట్టినా ఆశ్చర్యం లేదు. మధ్యమధ్యలో పక్కన అరచేయి పెట్టి చూడండి. గోరువెచ్చగా ఉంటే ఫర్వాలేదు. చెయ్యి పెట్టలేనంత వేడెక్కినా, కుళ్లిన కోడిగుడ్డు వాసన వచ్చినా ఆపేయాలి. ముందు గోడ దగ్గర స్విచ్ ఆపండి, క్లిప్పులు లాగితే అక్కడే రవ్వ వస్తుంది. తలుపులు తెరిచి గాలి ఆడేదాకా బయట ఉండండి. ఆ బ్యాటరీ పని అయిపోయినట్టే.

పైన మూతలున్న రకమైతే లోపలికి చూడండి. మన ఇళ్లలో ఇన్వర్టర్ బ్యాటరీకి డిస్టిల్డ్ వాటర్ పోసే పని మీకు తెలిసే ఉంటుంది, ఇదీ అంతే. పలకలు బయటికి కనిపిస్తుంటే మునిగేంత పోసి ఛార్జ్ పెట్టండి, మిగతాది ఛార్జ్ అయ్యాక గీత దాకా నింపండి. కొళాయి నీళ్లు మాత్రం వద్దు. సీలు వేసిన బ్యాటరీ అయితే మూత పీకే ప్రయత్నం చేయకండి.

ఇక్కడ చాలామంది తికమకపడే చోటొకటి ఉంది. ఈ కాలం స్మార్ట్ ఛార్జర్లు చాలావరకు మరీ ఖాళీ అయిన బ్యాటరీని గుర్తించవు. అసలు అక్కడ బ్యాటరీయే లేదనుకుని, ఎర్ర లైటు వెలిగించి ఊరుకుంటాయి. ఛార్జర్ పాడైందనో, బ్యాటరీ చచ్చిందనో అక్కడితో తేల్చేయకండి. మరీ ఖాళీ అయినదాన్ని కూడా లేపే రికవరీ మోడ్ ఉన్న ఛార్జర్ ఎవరి దగ్గరైనా దొరికితే దానితో ఒకసారి ప్రయత్నించండి, లేదా దగ్గర్లోని గ్యారేజీలో ఇవ్వండి. ఇంకో మంచి బ్యాటరీని పక్కన కలిపి ఛార్జర్‌ను మభ్యపెట్టే పద్ధతి కూడా ఉంది కానీ, అలవాటు లేని చేతులకు నేను చెప్పను.

ఛార్జ్ పూర్తయ్యాక క్లిప్పులు తీసి ఒక రాత్రి వదిలేయండి. పొద్దున్నే మీటరు పెట్టండి. 12.7 దగ్గర ఉంటే నిండుగా ఉంది. 12.2 అంటే సగం. 12 కన్నా తక్కువైతే దాదాపు ఖాళీ. లోపల ఆరు గదులుంటాయి, ఒక్కోటీ 2.1 వోల్ట్లు. రోజంతా ఛార్జ్ పెట్టినా 10.5 దగ్గర ఆగిపోయిందంటే ఒక గది షార్ట్ అయిందని అర్థం, అక్కడితో వదిలేయండి.

12.7 చూసి పండగ చేసుకోవద్దు. గార పట్టిన కెటిల్ కూడా పైకి నిండుగానే కనిపిస్తుంది, పట్టేది సగం నీళ్లే. ఎంత సరుకుందో తెలియాలంటే పని చేయించాలి. కారు హెడ్‌లైట్ బల్బు, 55 వాట్లది, రెండు తీగలతో తగిలించి పింగాణీ ప్లేటు మీద పెట్టండి. గాజు బాగా కాలుతుంది, ముట్టుకోకండి, పిల్లల్ని దూరంగా ఉంచండి. అది గంటకు నాలుగున్నర ఆంపియర్ అవర్లు లాగుతుంది. ఐదు గంటలు వెలిగించి ఆపేసి, గంట తర్వాత కొలవండి. మంచి 100 బ్యాటరీ అయితే అందులో పావు వంతు కూడా ఖర్చు కాదు, 12.4 కాస్త అటూ ఇటూ చూపించాలి. 12 కిందికి దిగితే దానికి దండం పెట్టేయండి. నాలుగు నెలలు ఇలా పడి ఉన్నవాటిలో నా చేతుల్లో బతికినవి తక్కువే. కాబట్టి మీ వారి మాట చివరికి నిజమవ్వచ్చు. అయినా ఈ రెండు రోజుల శ్రమ వృథా కాదు, కొత్త బ్యాటరీ రేపు అలిగినప్పుడు ఏం చేయాలో ఇద్దరికీ తెలుస్తుంది.

జంప్ లీడ్స్ సంగతి. అవి కారు ఇంజన్‌ను ఒక్కసారి తిప్పడానికి. మీకు ఒక్కసారి తిప్పాల్సిన ఇంజన్ లేదు, రాత్రంతా నడవాల్సిన హీటర్ ఫ్యానుంది. పైగా మూవర్ వంద ఆంపియర్ల దాకా లాగగలదు. సన్నటి జంప్ తీగల మీద ఆ ప్రయోగం వద్దు. యార్డులోంచి బయటికి తీయడానికి మూవర్ అవసరం లేకుండా కారునే దగ్గరికి తీసుకురండి. లాగే ముందు మూవర్ రోలర్లు టైర్లకు ఆని లేవని చూసుకోండి, చేత్తో వదులు చేసే ఏర్పాటు ఉంటుంది.

లాక్కెళ్తే దారిలో ఎక్కుతుందన్నాయన మాట పూర్తిగా తప్పు కాదు. కారవాన్‌ను కారుకు కలిపే 13 పిన్నుల ప్లగ్గులో అందుకోసం తీగ ఉంటుంది. కానీ కారు ముందు నుంచి కారవాన్ దాకా ఆ సన్నటి తీగలో వోల్టేజీ చాలా పడిపోతుంది. కొత్త కార్లయితే ఇంధనం ఆదా కోసం, ఇంజన్‌తో తిరిగి కరెంటు పుట్టించే ఆల్టర్నేటర్‌నే తగ్గించి నడుపుతాయి. మూడు గంటల ప్రయాణం సగం దిగినదాన్ని కాస్త సర్దుతుంది, అడుగంటినదాన్ని నింపదు.

బ్యాటరీ లేకుండా రోడ్డు మీద వెళ్లడానికి ఇక్కడ ఇబ్బంది లేదు. వెనక లైట్లు, ఇండికేటర్లు కారు నుంచే వెలుగుతాయి, బ్రేకులు కారవాన్ తోసుకొచ్చే ఒత్తిడితో పడతాయి. అమెరికాలో ఉన్నవాళ్లు మాత్రం ఈ మాట పట్టుకోకండి. అక్కడ చాలా ట్రెయిలర్లకు ఎలక్ట్రిక్ బ్రేకులు, కారుకు తగిలించే హిచ్ ఊడిపోతే బ్రేక్ వేయాల్సింది ట్రెయిలర్ బ్యాటరీయే. ఇక సైటులో దిగాక బ్యాటరీ లేకుండా హుక్‌అప్ మీద గడపడమంటే, కొన్ని ఛార్జర్లు ఒప్పుకుంటాయి, కొన్ని ఒప్పుకోవు. హ్యాండ్‌బుక్ చూడండి. చచ్చిన బ్యాటరీని అలాగే తగిలించి వారం రోజులు ఛార్జర్ మీద పెట్టడం మాత్రం అస్సలు వద్దు. మీరు పడుకునేది దానికి రెండడుగుల దూరంలో.

కొత్తది కొనాల్సి వస్తే ముందు పెట్టె కొలతలు, టెర్మినళ్లు ఏ వైపు ఉన్నాయో, గ్యాస్ బయటికి పోయే గొట్టానికి కన్నం ఉందో లేదో చూసుకోండి. కారు బ్యాటరీ పెట్టుకోవద్దు, దాని పలకలు పల్చన, నాలుగుసార్లు అడుగంటితే పోతుంది. నేషనల్ కారవాన్ కౌన్సిల్ బ్యాటరీలను పరీక్షించి ఏ, బీ, సీ అని విడదీస్తుంది. హుక్‌అప్ లేని పొలం సైటుల్లో తిరిగేవాళ్లకు ఏ, మూవర్ ఉండి హుక్‌అప్ మీదే గడిపేవాళ్లకు బీ. మీకు బీ చాలు. లేబుల్ మీద 110 అని రాసి ఉన్న రెండింటిని చేతులతో ఎత్తి చూడండి, ఒక్కోసారి నాలుగైదు కేజీల తేడా ఉంటుంది. బరువున్నదే తీసుకోండి, ఆ బరువు సీసానిది. లిథియం గురించి ఎవరో ఒకరు చెప్తారు. తేలిక, ఎక్కువ కాలం వస్తుంది, నిజమే. కానీ మీ పాత ఛార్జర్ దానికి పనికిరాకపోవచ్చు, సున్నా డిగ్రీల కన్నా చలిలో దాన్ని ఛార్జ్ చేయకూడదు. ఈస్టర్ లోపల ఆ తలనొప్పి వద్దు.

పాతదైనా కొత్తదైనా బిగించాక, వేల్స్ కన్నా ఒక వారం ముందు, ఇంటికి దగ్గర్లోని సైటులో ఒక్క రాత్రి హుక్‌అప్‌తో పడుకోండి. యార్డులో ప్లగ్ లేదు కాబట్టి ఇదొక్కటే దారి. హుక్‌అప్ పెట్టకముందు మీటరు ఎంత చూపిస్తోందో రాసుకుని, పెట్టాక మళ్లీ చూడండి. 13.6 నుంచి 14.4 లోపు ఎక్కడో ఒకచోటికి ఎక్కాలి. కదలకుండా 12.5 దగ్గరే ఉందంటే ఛార్జ్ బ్యాటరీ దాకా రావడం లేదు. మంచం కింద, బీరువా అడుగున ఛార్జర్ స్విచ్ వెతకండి. అది ఆన్‌లోనే ఉంటే బ్యాటరీ పెట్టెలో ఫ్యూజు చూడండి. ఎవరైనా ఎప్పుడైనా ఎర్ర, నల్ల తీగలు తారుమారుగా తగిలించి ఉంటే ముందు పోయేది అదే. ఆ రాత్రే హీటర్, పంపు, ఫ్లష్ అన్నీ తిప్పి చూడండి. గుంటూరు ఎండల్లోంచి వచ్చినవాళ్లకు వేల్స్‌లో ఏప్రిల్ రాత్రి పుష్యమాసంలా ఉంటుంది, తెల్లవారుజామున మూడు గంటలకు హీటర్ ఫ్యాను ఆగిపోతే దుప్పట్లు చాలవు.

అన్నీ ఆపేసినా బ్యాటరీని తోడేసే లీకేజీ ఎంతో కొలవాలంటే, అన్నీ ఆపేసి, నల్ల తీగ విప్పి, మీటరును 10 ఆంపియర్ల మీద పెట్టి తీగకూ టెర్మినల్‌కూ మధ్య తగిలించండి. 50 మిల్లీ ఆంపియర్ల లోపు ఉంటే అది అలారం, ట్రాకర్. అంతకు మించి ఉంటే ఒక్కో ఫ్యూజు తీస్తూ ఎక్కడ తగ్గుతుందో చూడండి. మీటరు అలా ఉండగా ఎవరూ పంపు వేయకుండా, మూవర్ ముట్టుకోకుండా చూసుకోండి, మీటరు లోపలి ఫ్యూజు ఎగిరిపోతుంది. వచ్చే చలికాలం ట్రాకర్ విషయం ఇన్సూరెన్స్ వాళ్లతో మాట్లాడి బ్యాటరీని ఇంటికి తెచ్చుకుని నెలకోసారి ఛార్జ్ పెట్టండి. వాళ్లు తీయొద్దంటే కప్పు మీద సోలార్ ప్యానెల్ పెట్టించుకోండి. డిసెంబరులో దాని వల్ల వచ్చేది గోరంతే అయినా ట్రాకర్ తాగేంత ఇస్తుంది.

ఇక మిక్సీ. 750 వాట్ల మిక్సీ అంటే 12 వోల్ట్ల దగ్గర 60 ఆంపియర్లు పైమాటే, ఇన్వర్టర్ తినేది కూడా కలిపితే 70. పచ్చడి మూడు నిమిషాల పనే కాబట్టి మొత్తం ఖర్చు ఎక్కువ కాదు. కానీ ఒక్కసారిగా అంత లాగేసరికి వోల్టేజీ కూలబడి ఇన్వర్టర్ కీచుమని ఆగిపోవచ్చు. దానికోసం ఇన్వర్టర్ కొనకండి. హుక్‌అప్ ఉన్నచోట మిక్సీని మామూలుగా ప్లగ్గులో పెట్టుకోండి. 10 ఆంపియర్ల సైటు అయితే 2,300 వాట్ల దాకా వస్తుంది, మిక్సీ తిరిగేటప్పుడు మాత్రం ఎవరూ కెటిల్ వేయకుండా చూడండి. పిచ్ దగ్గర స్తంభంలో ట్రిప్ అయితే కొన్ని సైటుల్లో వార్డెన్ వచ్చి తాళం తీస్తేగానీ కరెంటు రాదు. హుక్‌అప్ లేనిచోటికి పోయేటప్పుడు పచ్చడి ఇంట్లోనే రుబ్బి డబ్బాలో పెట్టుకెళ్లండి.